చెయ్యని ఇరవై రెండు ఫోన్లు

వైద్య కళాశాలలో రెండో ఏడు చదివే ఆ అమ్మాయిని తోటివాళ్ళు 'డబుల్ డ్యూటీ' అని పిలిచేవాళ్ళు. వెక్కిరింపే అయినా లోలోపల ఆమెకది ముద్దుగానే ఉండేది. మిగతావాళ్ళు మందుల పేర్లు బట్టీ పట్టలేక కిందామీదా పడుతుంటే, ఈవిడగారు ఒకేసారి రెండు విభాగాల్లో పరిశోధన వెలగబెడుతోంది మరి! మధ్యాహ్నం చర్మవ్యాధుల విభాగంలో మచ్చల ఫోటోలు, సాయంత్రం ఎముకల విభాగంలో ఆపరేషనైన వాళ్ళ వివరాలు. ముందు ముందు ఈ రెండింట్లో పై చదువుకి సీటు దొరకడమంటే మాటలు కాదు. రెండుచోట్లా తన పేరుతో ఒక్కో పేపరు అచ్చయితే, ఇది కాకపోతే అది అని ఆమె లెక్క. బస్సు కండక్టరైన వాళ్ళ నాన్న టికెట్టుతో పాటు కూతురి గొప్ప కూడా చింపి అందరి చేతుల్లో పెట్టేవాడు.

ఎముకల విభాగంలో ఆమెకి అప్పగించిన పని చూడ్డానికి చిన్నదే. మోకాలిచిప్ప విరిగి ఆపరేషనైన వాళ్ళు ముప్పై ఆరుగురు. ఒక్కొక్కరికీ ఆరు వారాలు నిండగానే ఫోన్ చెయ్యాలి. కుర్చీలో కూర్చుంటే మడమ వెనక్కి వస్తోందా, మెట్లు మామూలుగా ఎక్కుతున్నారా అని అడిగి పట్టికలో రాయాలి. కాలు మడవడం లేదన్నవాళ్ళని ఆ వారంలోనే పిలిపించాలి. "ఇది పట్టిక కోసం కాదమ్మా, వాళ్ళ కాళ్ళ కోసం" అని పెద్ద డాక్టరు మొదటిరోజే చెప్పాడు.

పద్నాలుగు మందికి చేసింది. ఒక్కొక్కరూ ఇంటి సంగతులన్నీ ఏకరువు పెట్టి అరగంట తినేస్తున్నారు. అటు చర్మ విభాగంలో మేడమేమో ఫోటోలేవీ అని ప్రాణం తీస్తోంది. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఉండగానే పట్టిక ఇవ్వాల్సిన సోమవారం నెత్తిమీదికొచ్చింది. లైబ్రరీలో కూర్చుని మిగిలిన ఇరవై రెండు పేర్ల పక్కనా తనే నింపేసింది. అన్నీ ఒక్కలా ఉంటే అనుమానమొస్తుందని, అక్కడక్కడా 'మెట్లెక్కేటప్పుడు కాస్త నొప్పి' అని కూడా చేర్చింది. ఎంత తెలివో చూడండి!

రెండున్నర నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం చర్మ విభాగానికి బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. మోకాలి మీద ఆపరేషన్ కుట్ల వెంబడి తెల్లటి పొలుసులు లేచాయి. చర్మం మేడం పరిశోధనకి సరిగ్గా అలాంటి మచ్చలే కావాలి. డబుల్ డ్యూటీ సంబరంగా కెమెరా సర్దుకుంది.

"మోకాలు కొంచెం మడవండమ్మా, మచ్చ బాగా కనబడుతుంది."

"ఇంతకన్నా మడవదమ్మా" అందావిడ. కాలు కర్రలా ముందుకి చాపే ఉంది. "మిషను తొక్కలేకపోతున్నాను. చేత్తో హుక్కులూ గుండీలూ కుట్టుకుంటున్నా."

"మరి ఎవరికీ చూపించుకోలేదా?"

"ఆరు వారాలకి ఫోన్ చేస్తాం, బాలేకపోతే పిలిపిస్తాం అన్నారు. స్నానానికెళ్ళినా ఫోను గుమ్మం దగ్గరే పెట్టుకునేదాన్ని. రాలేదు. పిలవలేదంటే ఇది ఇంతేనేమోలే అనుకున్నా."

అమ్మాయి అప్పుడు చూసింది చీటీ మీద పేరు. ఆ పేరు పక్కన ఏం రాసిందో అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. వైద్యం చేయిస్తే చాలు, ఆ సంగతి బయటపడక్కర్లేదు అనుకుంది. చక్రాల కుర్చీ తెప్పించి, తనే తోసుకుంటూ ఎముకల విభాగానికి తీసుకెళ్ళింది.

పెద్ద డాక్టరు కాలు చూశాడు, కంప్యూటర్లో పట్టిక చూశాడు, మొహం చిట్లించాడు.

"ఆరు వారాలకి శుభ్రంగా మడిచారుగా! తర్వాత వ్యాయామం మానేశారన్నమాట. ఇంత నిర్లక్ష్యమైతే మేం మాత్రం ఏం చేస్తాం?"

"చేశాను సార్..." అందావిడ. తర్వాత తనకే అనుమానమొచ్చినట్టు, "సరిగ్గా చెయ్యలేదేమో సార్" అని తలొంచుకుంది.

కుర్చీ వెనక నిలబడ్డ అమ్మాయి అప్పుడు కూడా ఒక క్షణం ఊరుకుంది. ఆ మాట మీ దగ్గర దాచడం న్యాయం కాదు. ఆ ఒక్క క్షణానికే ఆమె ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంటుంది.

"ఆవిడ తప్పేం లేదు సార్. నేను ఫోనే చెయ్యలేదు. నా అంతట నేనే రాసేశాను."

"ఈవిడది ఒక్కటేనా?"

"ఇరవై రెండు మందివి."

డాక్టరు అరవలేదు. అరిచినా బాగుండేది. పేపర్లో ఆమె పేరుండదనీ, ప్రిన్సిపాల్‌కి తనే చెబుతాననీ రెండు ముక్కల్లో తేల్చేశాడు. తర్వాత ఆవిడ వైపు తిరిగి, "అప్పుడే చూసుంటే వ్యాయామంతో సరిపోయేదమ్మా. ఇప్పుడు మత్తిచ్చి వంచాలి. పూర్తిగా వస్తుందని మాటివ్వలేను" అన్నాడు.

"క్షమించండమ్మా" అంది అమ్మాయి.

ఆవిడ ఆమె మొహంలోకే చూసింది. "ఇందాక కుర్చీ తోస్తుంటే, ఎవరి పిల్లో, ఎంత మంచిదో అనుకున్నాను" అంది. "నాతో ఏం మాట్లాడకు. పోయి మిగతావాళ్ళకి ఫోన్ చెయ్యి. నాలాగే కాచుక్కూర్చుని ఉంటారు."

అమ్మాయి నడవలోకెళ్ళి బల్ల మీద కూర్చుని, మిగతావాళ్ళకి వరసగా ఫోన్లు మొదలుపెట్టింది. ఆ సాయంత్రం చర్మ విభాగం నుంచి మూడుసార్లు కబురొచ్చినా లేవలేదు. ఇరవై ఒక్కరిలో ఆరుగురికి మోకాలు మడవడం లేదు. ఆరో ఆయన, ముసలాయన, తన కాలి సంగతంతా ఓపిగ్గా చెప్పి, రేపే వస్తానన్నాడు. చివర్లో జాలిగా అడిగాడు:

"కొత్తగా చేరావా తల్లీ? ఇన్నాళ్ళూ ఈ పనికి మనుషుల్లేరేమో, పాపం."

"ఉన్నారండీ" అంది. "నేనే."