బాము డబ్బా మంత్రి అయిన ఆదివారం

చిక్కడపల్లి చౌరస్తాలో నిలబడి, ఒక చేతిలో మిర్చిబజ్జీ పట్టుకుని, రెండో చెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: కింద రాసిన ప్రతి అక్షరం నిజం. నా మాట నమ్మని బంధుమిత్రులు చాలామంది ఉన్నారు (మా ఆవిడ ఆ సంఘానికి అధ్యక్షురాలు). వారి కోసమే ఇంత కట్టుదిట్టంగా మొదలుపెట్టవలసి వస్తోంది. ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో ఉద్యోగం రావడం కంటే గది దొరకడమే కష్టమని చెప్పుకునేవాళ్ళం. నాకు గది మూడో వంతు దొరికింది, ఉద్యోగం ఆ పాటి కూడా దొరకలేదు కనుక, ఆ మాట నిజమో కాదో నేను తేల్చలేను.

మూడో వంతు అని ఎందుకన్నానంటే, ఆ హాస్టల్ గదిలో మూడు మంచాలు, ఒక ఫ్యాను. ఆ ఫ్యాను తన గాలినంతా నడిమి మంచానికే ఇచ్చేది, పక్కవాళ్ళకు చప్పుడు మాత్రం పంచేది. నాది తలుపు పక్క మంచం. మే నెలలో దాని మీద తడి తువ్వాలు ఆరేస్తే, నేను మొహం కడుక్కుని వచ్చేలోగా అప్పడంలా విరిగేది. దోమలు కూడా నా దగ్గర కాసేపు కూర్చుని, చెమట తుడుచుకుని, నడిమి మంచానికి వెళ్ళిపోయేవి. రాత్రి నిద్ర లేక పగలు చిక్కడపల్లి లైబ్రరీలో పుస్తకం నిలబెట్టి దాని వెనక పడుకునేవాణ్ణి. ప్రిలిమ్స్ దగ్గరపడుతోంది. రాజ్యాంగం పుస్తకం తెరిస్తే ప్రవేశిక దగ్గరే నేను నిద్రలోకి ప్రవేశిస్తున్నాను. ఇంకో నెల ఇలాగే గడిస్తే హాల్ టికెట్ మీద నా ఫొటోను నేనే గుర్తుపట్టలేనని భయం పట్టుకుంది. నాకు కావలసింది కోచింగ్ కాదు, ఆ నడిమి మంచం.

ఆ మంచం మేమంతా 'ఇంటర్వ్యూ అన్న' అని పిలిచే ఆయనది. పాలమూరు నుంచి మాకన్నా చాలా ముందే వచ్చి, రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్ళి వచ్చినవాడు కనుక ఆ పేరు. ఇంటర్వ్యూలో సులువైన ప్రశ్న అడిగితే అందులో ఏదో మోసం ఉందని వెతుకుతూ కూర్చుంటాడని, అందుకే పని కాలేదని హాస్టల్లో చెప్పుకునేవారు. మంచం గురించి ఎవరు అడిగినా ఆయనది ఒకటే మాట.

"మంచం కావాల్నా? చదరంగంల నన్ను ఓడగొట్టి తీస్కో. ఒక్కటే ఛాన్స్. ఓడితే మళ్ళ ఎండాకాలం అయిపోయెదాక మంచం ముచ్చట ఎత్తొద్దు."

కింది అంతస్తు వాళ్ళు, పై అంతస్తు వాళ్ళు, ఒకసారి నీళ్ళ క్యాన్ వేయడానికి వచ్చినాయన కూడా ఆడి ఓడారు. ఒక ఉదయం, తెల్లవార్లూ కన్ను మూయని మత్తులో, "ఆదివారం మనిద్దరం ఆడుదాం అన్నా" అనేశాను. హాస్టలంతా ఆ కబురు పాకిన తర్వాత గాని, నాకు చదరంగం రాదన్న సంగతి నాకే గుర్తు రాలేదు.

అప్పుడు నన్ను ఆదుకున్నవాడు కిటికీ పక్క మంచం మీది బిట్ల భాయ్. లోకంలోని జ్ఞానమంతా నాలుగు ఆప్షన్లలో ఇమడాలని వాడి సిద్ధాంతం (చాయ్ తాగుదామా అంటే, "ఎ, ఇరానీ. బి, మామూలు. సి, రెండూ. డి, ఏదీ కాదు" అనేవాడు). వాడు కూడా జన్మలో చదరంగం పావు ముట్టుకోలేదు. కాని క్రీడల బిట్లు చదివాడు కనుక నియమాలన్నీ నోటికి వచ్చు. రోజూ సాయంత్రం అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా నడిపిస్తూ, రోడ్డునే చదరంగం అట్టగా చేసి నాకు పాఠం చెప్పాడు.

"ఏనుగంటే సిటీ బస్సు. సీదా పోతది, సీదా వస్తది. అడ్డమొస్తే గుద్దుతది."

"మరి శకటు?"

"ఆటో. ఆటో ఎన్నడన్న సీదా పోంగ చూసినవా? ఐమూలకే కొడ్తది. గుర్రమంటే గా స్కూటర్ పోరడు. రెండు గడులు ముంగటికి, ఒకటి పక్కకు. నడుమ ఎవలున్నా దుంకి పోతడు."

"మంత్రి?"

"సైరన్ కారు. ఎటన్న పోతది, ఎంతదూరమన్న పోతది. రాజంటే మన హౌస్ ఓనర్. ఒక్కొక్క అడుగే, అదీ మొక్కుబడికి. కానీ ఆయనకు ఏమన్న అయితే మనందరం రోడ్డు మీదికే."

"బంటు?"

భాయ్ బజ్జీల బండి దగ్గర ఆగిపోయాడు. "బంటంటే మనమే రా. ఊర్లకెళ్ళి బయల్దేరినప్పుడు హుషారుగ రెండడుగులు ఏస్తం, తర్వాత ఒక్కొక్కటే. ముంగటికే పోవాలె, ఎన్కకు రాలేం. ఇగ బిట్టు. బంటు ఆఖరి గడికి చేరిన ఏమగును? ఎ, మంత్రి. బి, ఏనుగు. సి, శకటు లేదా గుర్రం. డి, పైవాటిలో ఆడేవాని ఇష్టం."

"డి."

"శభాష్. నువ్వు పాసైతవ్ పో."

శనివారానికి బిట్లన్నీ కంఠతా వచ్చాయి. అట్టను మాత్రం ఆదివారం మధ్యాహ్నం, మెస్సులో చికెన్ తిని వచ్చాకే మొదటిసారి దగ్గరగా చూశాను. నడిమి మంచం మీద అట్ట పరిచారు. మిగతా రెండు మంచాల మీద, కిటికీలో, తలుపులో జనం. నా గురువు అంపైరు. తెల్ల పావులు నావి. ఒక్క తప్పు ఎత్తు వేస్తే ఎండాకాలమంతా ఆ తలుపు పక్కే కాలిపోవాలి.

కదలిక మీద నాకు పూర్తి నమ్మకం ఉన్న పావు బంటు ఒక్కటే. అందుకని బంటునే కదిపాను. రెండో ఎత్తూ బంటే. మూడోదీ అంతే. ప్రతి ఎత్తుకు ముందు కళ్ళు మూసుకుని బిట్లన్నీ మొదటి నుంచి ఒకసారి మననం చేసుకునేవాణ్ణి. అది చూసి జనం, "అబ్బ, ఎంత లోతుకు పోతుండు రా" అని గుసగుసలాడారు. అన్న మొదట నవ్వాడు, తర్వాత నవ్వడం మానేశాడు, ఆ తర్వాత చొక్కా విప్పేశాడు (ఫ్యాను కింద కూర్చుని అన్నకు చెమట పట్టడం ఆ హాస్టల్ చరిత్రలో అదే మొదలు). ఒక దశలో నా ఏనుగు దిక్కులేకుండా అన్న శకటు దారిలో నిలబడింది. నాకు తెలియదు కాని, పైసా ఖర్చు లేకుండా కొట్టుకోవచ్చట.

"కొట్టన్నా, ఉత్తగనే వస్తుంది!" అన్నాడు కిటికీలోంచి ఒకడు.

"గీ పట్నంల ఉత్తగ ఎవడిస్తడు రా?" అన్నాడు అన్న, చెయ్యి వెనక్కి తీసుకుంటూ. "గుర్రం కొట్టనిచ్చిండు. గిప్పుడు ఏనుగునిస్తుండు. బంటులే నడుపుతుండు, మంత్రిని ఇంట్లకెళ్ళి కదపలే. ఏదో పెద్ద ప్లానే ఉంది."

లేని ఆ ప్లాను ఎక్కడుందో వెతకడానికి అన్న తన ఏనుగులను, మంత్రిని, సైన్యం మొత్తాన్ని ఇల్లు వదిలించి కుడివైపు ముందుకు పంపాడు. ఎడమ అంచున నా బంటు ఒకటి, చద్దన్నం మూట కట్టుకుని ఊరు విడిచినవాడిలా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళి ఆఖరి గడిలో కాలు పెట్టింది.

"మంత్రి కావాలన్నా" అన్నాను.

"గుర్రం తీస్కో తమ్మీ. నీ మంత్రి బతికే ఉన్నడు గద! సచ్చినోడే లేసొస్తడు. మా దిక్కు గదే రూలు."

గది దద్దరిల్లింది. "ఒక్క రాజ్యంల ఇద్దరు మంత్రులేంది?" అని ఒకడు. "సెక్రటేరియట్ పోయి చూసిరా, ఎంతమందున్నరో!" అని ఇంకొకడు. భాయ్ లేచి నిలబడి, చేతులు కట్టుకుని, బిట్టు మొత్తం అప్పజెప్పాడు.

"కీ ఏందిరా?" అన్నాడు అన్న.

"డి అన్నా. ఆడేవాని ఇష్టం."

"అబ్జెక్షన్ పెట్టొచ్చు గద?"

"గడువు అయిపోయిందన్నా."

అశోక్‌నగర్‌లో దేవుణ్ణి కాదనేవాళ్ళు దొరుకుతారేమో గాని, గడువు దాటిన జవాబుల కీని కాదనేవాళ్ళు దొరకరు. అన్న తల ఊపాడు. రెండో మంత్రి పావు లేదు కనుక, భాయ్ అన్న తలగడ పక్కనున్న తలనొప్పి బాము డబ్బాను తీసి నా చేతికిచ్చాడు. నేను దాన్ని ఆఖరి గడిలో టప్పున పెట్టి, లేచి నిలబడి, "ఆట కట్టు!" అని కేక వేశాను. ఆ కేకకు నారాయణగూడ చౌరస్తాలో బస్సులు బ్రేకులు వేశాయి. బర్కత్‌పురలో కుక్కలు లేచి నిలబడ్డాయి. జనం నన్ను భుజాల మీదికి ఎత్తేశారు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతోందన్న సంగతి ఒక్క నాకే గుర్తుండి, నా విజయోత్సవం "ఆపండ్రా, ఆపండ్రా" అన్న కేకల మధ్య ముగిసింది. ఆ మధ్యాహ్నం నడిమి మంచం మీద వాలినవాణ్ణి మర్నాడు టిఫిను వేళకు లేచాను. ఆ ఏడు ప్రిలిమ్స్ గట్టెక్కాను. (మెయిన్స్ సంగతి దయచేసి అడగకండి.)

ఇంత గట్టిగా ప్రమాణం చేశాను కనుక, ఒక ముక్క మాత్రం నేను కల్పించానని చెప్పక తప్పదు. ఆ కేక నేను వేయలేదు. డబ్బా పెట్టి, రెండో మంత్రిని సాధించిన సంబరంలో అందరికీ చేతులు కలుపుతూ కూర్చున్నాను. డబ్బాకూ అన్న రాజుకూ మధ్య ఆ వరుసంతా ఖాళీగా ఉందని, తప్పుకుందామంటే రాజు ముందు తన మూడు బంటులే గోడలా నిలబడ్డాయని, అంటే ఆట కట్టేసిందని నాకు తెలియదు. భాయ్‌కి తెలియదు (అది బిట్లలో రాలేదు). గుంపులో ఎవరూ కనిపెట్టలేదు. అన్న ఒక్కడే అట్ట వైపు చాలాసేపు చూశాడు. ఏదో ఒక పావు జరిపి "నీ ఎత్తు తమ్మీ" అని ఉంటే, నేను బుద్ధిగా ఇంకో బంటును కదిపి ఉండేవాణ్ణి.

అన్న తన రాజును వేలితో మెల్లగా పడుకోబెట్టాడు. పొరపాటున చెయ్యి తగిలిందనుకుని నేను దాన్ని ఎత్తి, చొక్కాకు తుడిచి, జాగ్రత్తగా దాని గడిలోనే మళ్ళీ నిలబెట్టాను.

"పడలే తమ్మీ. నేనే పండవెట్టిన" అన్నాడు అన్న, తలగడ చంకలో పెట్టుకుని లేస్తూ. "నువ్వు గెల్చినవ్. నీకింక ఎర్క గాలే, గంతే."

ఆయన తలుపు పక్క మంచం వైపు నడుస్తుంటే గదిలో అందరూ గొల్లున నవ్వారు. నేనూ వాళ్ళతో పాటు నవ్వాను, ఎందుకో అడగకుండానే.