మీసాలుంటే జెల్లే

ఉదయం 6.10కి నంద్యాలలో బస్సెక్కితే 7.25కి ఆళ్లగడ్డలో దిగేవాణ్ణి. దూరం నలభై రెండు కిలోమీటర్లు. చేపల అంగడిలో జెల్ల తలకాయలు కొని, ఐసు పెట్టెలో వేసుకుని, 9.30లోపు నంద్యాలలోని మా కళాశాల ప్రయోగశాలకు చేరాలి. ఆలస్యమైతే మొప్పల మీది పురుగులు చెడిపోతాయి. నా పరిశోధన ఆ పురుగుల మీదనే.

అవి అర మిల్లీమీటరు పొడవైనా లేని బల్లపరుపు పురుగులు. వెనుక కొనలోని కొక్కేలతో మొప్పను పట్టుకుని బతుకుతాయి. సాధారణంగా ఒక రకం పురుగు ఒకే రకం చేపను అంటిపెట్టుకుంటుంది. చేప జాతి రెండుగా చీలితే పురుగు కూడా చాలాసార్లు చీలుతుంది. అందువల్ల కొక్కేల ఆకారాన్నీ కొలతలనూ బట్టి ఏది దేనికి దగ్గరి చుట్టమో వంశవృక్షం గీయవచ్చు.

నంద్యాల జెల్ల మీది పురుగుకు కొక్కెం 38 మైక్రోమీటర్లు. అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులు ముప్పై ఎనిమిది. ఆళ్లగడ్డ తలకాయల్లో కొన్నింటి మీద 51 ఉన్నవి దొరికాయి. కొన వంపు కూడా వేరు. జెల్ల మీద అటువంటి పురుగును ఎవరూ వర్ణించలేదు. కొత్త జాతిగా రాసి, ఆళ్లగడ్డ పేరే పెట్టాను. పీహెచ్‌డీ గ్రంథం ఆ అధ్యాయం మీద నిలబడింది. చదివిన మా గైడు ఒక్కటే అడిగారు: చేప ఫోటో ఏది? నా దగ్గర లేదు. మొప్పలుండేది తలలో కనుక మొండెం ఎన్నడూ కొనలేదు.

మరునాడు అంగడిలో, ఎప్పుడూ తలకాయలిచ్చే ఆమె నవ్వింది.

"ఏం సారూ, ఈ పొద్దు గూడా తలకాయలేనా? మీ ఇంట్లో పిల్లులెన్ని?"

"ఈ పొద్దు నిండు చేప గావల్లక్కా. ఫోటో తీయల్ల."

"యా జెల్ల? చారల్దా, తెల్లదా?"

"రెండుండాయా?"

"మీసాలుంటే జెల్లే సారూ. ఏందీ, ఇంత సదువుకున్నోనివి, ఎప్పుడూ సూసుకోలేదా?"

"మరి ఇన్నాళ్లూ నాకు యాదాని తలకాయలిచ్చినావ్?"

"కోసిన కుప్పలో చేతికి యాది దొరికితే అది. తలకాయకు చారలుంటాయా?"

ఉండవు. రెండు తలలను పక్కపక్కన పెట్టి చూశాను. తేడా మీసాల పొడవులో ఉంది, స్పష్టంగానే ఉంది. పద్నాలుగు నెలలు కొక్కేలు కొలిచిన నేను ఒక్క మీసం కొలవలేదు.

రెండు రకాల్లోనూ పదేసి నిండు చేపలు తెచ్చి కోశాను. చారలదాని మీద నంద్యాలలోలాగే 38, 51 కొక్కెం తెల్లదాని మీదనే ఉంది. నేను జెల్ల అని రాసింది చారలదాన్నే; తెల్లది వేరే జాతి చేప, దాని పురుగుకు చాలా కాలం కిందటే వర్ణన ఉంది, పేరూ ఉంది. ఆ పాత బొమ్మకూ నా బొమ్మకూ తేడా లేదు.

ప్రయాణాలు ఇరవై ఏడు. ఏ చేపవో తెలియక పారవేసిన తలకాయలు మూడు వందల పన్నెండు, స్లైడులు నూట నలభై. పోయినవి: నలభై ఒక్క పేజీల అధ్యాయం, వంశవృక్షంలో ఒక కొమ్మ, ఒక జాతి.