ముప్పై ఆరు గొలుసుల రాయి

మా ఇంజనీరు సాబు అంగ ముప్పై మూడు అంగుళాలు. భూమి కొలిచే మా గొలుసు ముప్పై మూడు ఫీట్లు. అంటే ఆయన పన్నెండు అంగలు వేస్తే ఒక గొలుసు. చెరువు కట్ట మీద నడిచినా, పెళ్లివారింటికి నడిచినా పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకునేవాడు. ఒకసారి ఆయన అంగలతో చెప్పిన దూరాన్ని నేను గొలుసుతో కొలిచాను. నలభై గొలుసులకు రెండు ఫీట్ల తేడా వచ్చింది. "ఆ రెండు ఫీట్లు నీ గొలుసు సాగింది" అన్నాడు. తర్వాత చూసుకుంటే నిజంగానే గొలుసు సాగింది.

నేను బడికి పోయింది తక్కువ. గద్వాలలో మా నాన్న మగ్గం మీద పడుగు పోగులు లెక్కపెట్టి అంకెలు నేర్చుకున్నాను. కాలువ పనిలో గొలుసు మోసేవాడిగా చేరితే, మిగతాదంతా సాబు నేర్పించాడు. అందాజుగా అంకె రాయకూడదన్నది ఆయన మొదటి పాఠం. కొలవకుండా రాసినందుకు ఒకసారి నా కాగితం నా ముందే చించేశాడు.

వనపర్తి నుంచి గోపాల్‌పేటకు పోయే దారిలో జొన్న కూడా సరిగా పండని ఎర్రచెల్క ఒకటి ఉండేది. పట్నం నుంచి వచ్చే కుర్ర అధికారులు గోల్ఫ్ ఆడతామంటే అక్కడ మైదానం వేశాం. గీత గీసింది సాబు, కొలిచింది నేను. తొమ్మిది గుంతలు, అన్నీ కలిపి రెండు వందల డెబ్బై గొలుసులు. గడ్డి మొలవని నేల కనుక గుంత చుట్టూ నూనె కలిపిన ఇసుక పరిచి రోలరు దొర్లించాం. బంతి మొదలుపెట్టే ప్రతి చోటా ఒక రాయి పాతి, గుంత ఎన్ని గొలుసుల దూరమో దాని మీద తెల్లరంగుతో రాశాను. మొదటి రాయి మీద ముప్పై ఆరు. సాబు దెబ్బ సరిగ్గా పద్దెనిమిది గొలుసులు పోయేది. రెండు దెబ్బల్లో గుంత దగ్గరికి చేరేవాడు.

ఆయన కర్రల సంచి మోసే గొల్లాయనకు నా వయసే, నలభై దాటింది. మేకలను తమ్ముడికి అప్పజెప్పి ఆదివారం వచ్చేవాడు. "గింత పెద్ద మనుషులు గంత చిన్న బంతి ఎంబడి ఉరుకుతున్రు. దాన్నే జేబుల ఏసుకొని గుంతల ఏస్తె అయిపాయె గద" అనేవాడు. సాబు నవ్వి, "గట్లయితే నీకు కూలి ఎందుకియ్యాలె రా?" అనేవాడు.

యుద్ధం వచ్చాక కుర్రవాళ్లకు బదిలీలయ్యాయి, బంతులు దొరకడం కష్టమైంది. మైదానానికి అప్పటికే పింఛను తీసుకున్న సాబు, దవాఖాన డాక్టరు మిగిలారు. డాక్టరు కూడా నెలకొకసారి వచ్చే మనిషే. ఆ చలికాలం సాబుకు గుండె జబ్బు చేసి మూడు నెలలు మంచం పట్టాడు. లేచి వచ్చిన మొదటి ఆదివారం తొలి గుంతకు మూడు దెబ్బలు పట్టాయి. నాలుగో గుంత ఎత్తు మీద ఉంది, అక్కడ ఆరు. ఐదో రాయి మీద కూర్చుని ఛాతీ మీద చేయి పెట్టుకున్నాడు. రెండో ఆదివారం కూడా ఐదో రాయి దాటలేదు. మూడో ఆదివారం రాలేదు. ఎండ ఎక్కువగా ఉందని కబురు పంపాడు. అప్పటికింకా దుప్పట్లు కప్పుకునే రోజులే.

డాక్టరు నన్ను దవాఖానకు పిలిపించాడు.

"మీ సాబు ఇంట్ల కూసొని గోడను జూస్తుండు. మందుకంటె ఆయనకు నడక ముఖ్యం, నడకకంటె ఆట ముఖ్యం. కని ఆ మైదానం ఆయనను చంపుతది. నెలకొక్కసారి వచ్చే నాకే దమ్ము వస్తది. జర చిన్నగ చెయ్యలేవా?"

"చెయ్యొచ్చు సాబ్. రాళ్లు ముందుకు జరిపితే సరి."

"ఆయనకు చెప్పకు. ముసలోళ్ల మైదానం అంటే కాలు పెట్టడు."

నేను లెక్కకు కూర్చున్నాను. గుంత దూరాన్ని గొలుసుల్లో చూడడం నా పొరపాటని అప్పుడు తెలిసింది. ఆడేవాడికి అది దెబ్బల్లో ఉంటుంది. రెండు దెబ్బల గుంత అందరికీ రెండు దెబ్బల్లో రావాలంటే, ఒక్కొక్కరికి ఒక్కొక్క చోట మొదలుండాలి. గడిచిన రెండు ఆదివారాల్లో సాబు దెబ్బలను నేను కొలిచిపెట్టుకున్నాను. పన్నెండున్నర గొలుసులు. పద్దెనిమిది పోయే చోట పన్నెండున్నర అయితే, ముప్పై ఆరు పోయే చోట ఇరవై ఐదు. మొత్తం మైదానం నూట ఎనభై ఏడున్నర.

కాని సాబు అంగలు లెక్కపెడతాడు. ముప్పై ఆరు గొలుసులకు నాలుగు వందల ముప్పై రెండు అంగలు రావాలి. దానికేం చేయాలో తెలియక, ఒక సాయంత్రం ఆయన చెరువు కట్ట మీద తిరుగుతుంటే నేను వెనక నడిచాను. అక్కడ రెండు తూముల మధ్య దూరం పది గొలుసులు. నూట ఇరవై అంగలు పడాల్సిన చోట నూట డెబ్బై రెండు పడ్డాయి. ఆయన అంగ ఇరవై మూడు అంగుళాలకు వచ్చింది, ఆయనకు తెలియదు. ఇరవై ఐదు గొలుసులను ఆ అంగతో భాగిస్తే నాలుగు వందల ముప్పై.

రెండే తేడా. ఆ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన సంతోషం గురించి చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి పోయి రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

గొల్లాయనా నేనూ కలిసి తొమ్మిది రాళ్లనూ పెకిలించి ముందుకు జరిపాం. పాత చోట గుర్తుగా ఉన్న తంగేడు పొదను అతను కొట్టేశాడు. రాళ్ల మీది అంకెలు మాత్రం నేను మార్చలేదు. ముప్పై ఆరు ముప్పై ఆరుగానే ఉంది. డాక్టరు నోరు మూసుకోమన్నాడే తప్ప అంకెల ఊసు ఎత్తలేదు. అది నా పనే.

కొత్త మట్టి చూసి సాబు అడిగాడు. "పందికొక్కులు తవ్వి పాత చోటు ఖరాబైంది సాబ్, పక్కకు జరిపినం" అన్నాను. ముందుకు అనలేదు.

ఆ రోజు రెండు దెబ్బల్లో గుంత దగ్గరికి చేరాడు. అక్కడ నిలబడి, "నాలుగు వందల ముప్పై ఒకటి" అన్నాడు. "ఒక్క అంగ తక్కువొచ్చింది. నా కొలత ఇంక చెడిపోలేదు."

"సాబ్‌కు మల్ల పాత చేతులు వచ్చినయ్" అన్నాడు గొల్లాయన, నా వైపు చూడకుండా.

నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి. సాబు మనిషే మారాడు. తొమ్మిది గుంతలూ పూర్తిచేసి, ఇంటికి పోయేటప్పుడు దారిలో కనబడిన వాళ్లందరినీ ఆపి పలకరించేవాడు. డాక్టరు నా భుజం తట్టాడు. నేను చేసింది మంచి పనే అనుకున్నాను.

ఐదో ఆదివారం ఆయన సంచి సర్దుకుంటూ, "బేస్తవారం లింగాల పోతున్న" అన్నాడు. ఆయన ఉద్యోగంలో ఉండగా అక్కడ గుట్టల అంచున ఒక కాలువకు గీత గీశాడు. అది తవ్వలేదు. ఆ గీత వెంట ఒకసారి నడిచి చూడాలని ఎన్నేళ్లుగానో అంటుండేవాడు.

"ఆ గీత ఆరు మైళ్లు సాబ్. అంతా ఎక్కుడు" అన్నాను.

"అయితే ఏంది? మందు కూడ బంద్ చేసిన. రెండు దెబ్బలకు ముప్పై ఆరు గొలుసులు కొడుతున్న, అంగ సరిగ్గ పడుతున్నది. నాకేం రోగం?"

డాక్టరు ఆ వారం గద్వాలలో ఉన్నాడు. గొల్లాయనను అడిగితే, "చెప్పకన్నా. నీ నోటితోని నువ్వే ఆయన పానం తీస్తవా?" అన్నాడు. చెప్పకపోతే గుట్టల మీద పోతుంది కదా అన్నాను. అతను నేల మీద ఉమ్మి మేకల దగ్గరికి పోయాడు.

బుధవారం పొద్దున గొలుసు భుజాన వేసుకుని సాబు ఇంటికి పోయాను.

"మొదటి గుంత జర కొలవాలె సాబ్. మీరు వెనక పట్టుకోవాలె."

ఆయన చెప్పులేసుకుని వచ్చాడు.

ముందు పోయేవాడు గొలుసు లాగి, అది ముగిసిన చోట ఇనుపపుల్ల గుచ్చుతాడు. వెనక వచ్చేవాడు ఆ పుల్లలను పీకి చేతిలో పోగుచేస్తాడు. పది అయ్యాక ముందువాడికి తిరిగి ఇస్తాడు. లెక్క ఎప్పుడూ వెనకవాడి చేతిలో ఉంటుంది, అందుకే ఆయనను వెనక పట్టుకోమన్నాను. నేను వెనక్కి తిరగకుండా లాగాను. మొదటి పది ఇచ్చాడు. రెండో పది ఇచ్చాడు. తర్వాత గుంత దగ్గరికి వచ్చేసరికి ఆయన చేతిలో ఐదు పుల్లలున్నాయి.

ఆయన వాటిని రెండుసార్లు లెక్కపెట్టాడు.

"రాయి మీద ముప్పై ఆరు ఉన్నది."

"నేనే ఉంచిన సాబ్."

"మరి నా అంగలు?"

జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. కట్ట మీది నూట డెబ్బై రెండు, ఇరవై మూడు అంగుళాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన ప్రతి భాగహారం సరిచూశాడు. ఈసారి చించలేదు.

"లెక్క తప్పులేదు" అన్నాడు. "నా ఎనక నడిచి నా కాళ్లు కొలిచినవా?"

తర్వాత ఒక్కడే రాయి దగ్గరికి నడిచాడు. పెదవులు కదలడం లేదు.

లింగాల పోలేదు. పదిహేను రోజులు బయటికే రాలేదు. తర్వాత ఒక ఉదయం రంగుడబ్బా తెమ్మని కబురు పెట్టాడు. జరిపిన రాళ్ల మీద నాతో సరైన అంకెలు రాయించాడు, మొదటిదాని మీద ఇరవై ఐదు. పాత చోట్ల కొత్త రాళ్లు పాతించి ముప్పై ఆరు వగైరా రాయించాడు. "బలమున్నోడు ఆడినుంచి కొడుతడు. నాలాంటోడు, నెలకొకసారి వచ్చే డాక్టరు ఈడినుంచి కొడుతం. ఎవని రాయి వాడు చూసుకుంటడు" అన్నాడు. కర్ర తీసుకుని, ఇరవై ఐదు రాయి దగ్గర నిలబడి కొట్టాడు.

మళ్లీ గుండె మందు తాగాడు, మళ్లీ ప్రతి ఆదివారం ఆడాడు. డాక్టరు అంతా మంచికే అయిందన్నాడు. కాని సాబు ఆ తర్వాత ఎన్నడూ అంగలు లెక్కపెట్టలేదు. కట్ట ఎంత పొడుగని ఎవరైనా అడిగితే, "ఆయన్నడుగు" అని నన్ను చూపేవాడు.

అలవాటు పోక, వెనక నడుస్తూ నేను లెక్కపెడుతూనే ఉన్నాను. వానాకాలం మొదట్లో ఆ ఇరవై ఐదు గొలుసులకు నాలుగు వందల యాభై అంగలు పడ్డాయి. దసరాకు నాలుగు వందల డెబ్బై ఒకటి. మొన్న ఆదివారం నాలుగు వందల తొంభై ఐదు, అంటే ఇరవై అంగుళాలు. ఆయన అడగలేదు. నేను ఈ అంకెలను ఏ కాగితం మీదా రాయలేదు. రాళ్లను ఇంకొంచెం ముందుకు జరపాలి. ఈసారి అడిగి జరపాలి. ఎట్లా అడగాలో తెలియక ఇవాళ కూడా ఆయన వెనకే నడిచి వచ్చాను.