అక్క చేను పక్కన బోరు

తోటయ్య అన్నది అతని అసలు పేరు కాదు. తోటి ట్యాంకర్ డ్రైవర్లు అంటించిన పేరు. టీ కొట్టు దగ్గర ఎవరు ఏ మాట ఎత్తినా, దాన్ని తిప్పి తిప్పి తన పాత వంకాయ తోట దగ్గరికే తెచ్చేవాడు మరి!

పల్లెవాళ్ళకు పట్నం మోజు ఎక్కువని చదువుకున్నవాళ్ళు రాస్తూ ఉంటారు. మోజట, మోజు! తోటయ్యకు ఏ మోజూ లేదు. పక్క పొలం ఆసామి పంట మానేసి, లోతుగా బోరు వేసి, పట్నం ట్యాంకర్లకు నీళ్ళు అమ్మడం మొదలుపెట్టాడు. శివార్లలో కొత్తగా లేచిన మేడల కోసం రాత్రీపగలూ బండ్లు బారులు తీరాయి. తోటయ్య బావి అడుగంటింది. కాపు మీదున్న తోట కళ్ళముందే మాడిపోయింది. నీళ్ళు ఏ దారిన పోయాయో, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని అతనూ ఆ దారినే పోయాడు. ఒక ఇరుకు వీధిలో ఒంటిగది అద్దెకు తీసుకున్నాడు. దొరికిన పని ఏమిటంటారా? ట్యాంకర్ తోలడం! తోటను తాగేసిన బండినే తెచ్చి అతని చేతికిచ్చారు. ఇంతకన్నా సిగ్గుమాలిన వ్యవహారం ఉంటుందా? అయినా కడుపు ఊరుకోదు కదా, తోలాడు.

మేడల గేటు దగ్గర హారన్ కొడితే చాలు, పైనుంచి తిట్లు దిగేవి. "ఏమయ్యా, ఇప్పుడా రావడం? మేం స్నానాలు చెయ్యొద్దా?" అని ఒకావిడ బాల్కనీలోంచి రోజూ గదమాయించేది. కిందేమో వాళ్ళ కారుకు గొట్టంతో జలకాలాట. తోటయ్యకు ఒళ్ళు మండిపోయేది. పళ్ళు కొరుక్కుంటూ పైపు తగిలించేవాడు.

ఒకనాడు ట్యాంకర్ల యజమాని, "నీళ్ళు ఉప్పగా ఉన్నాయని గోల పెడుతున్నారయ్యా" అని విసుక్కున్నాడు. తోటయ్య నోరు ఊరుకుందా?

"మా అక్క చేలో నీళ్ళు తాగి చూడాలి సార్. తేనే అనుకోండి" అన్నాడు.

గొప్పకు పోయి అన్న మాట, అంతే. యజమాని మాత్రం ఊరెక్కడో, చేనెక్కడో మెల్లగా ఆరా తీశాడు. నెల తిరక్కుండా ఆ చేను పక్కనున్న బీడును కౌలుకు తీసుకుని బోరు దింపాడు.

"నీకు దారి తెలుసుగా. మొదటి లోడు నువ్వే తీసుకురా."

తోటయ్య చేతులు జోడించాడు. "అక్కడొద్దు సార్, మా అక్కా బావా ఆ బావి మీదే బతుకుతున్నారు" అని బతిమాలాడు.

"నువ్వు కాకపోతే ఇంకోడు వెళ్తాడు" అన్నాడు ఆ పెద్దమనిషి, ఫోను చూసుకుంటూ.

తోటయ్య ఆ ఫోను లాక్కుని నేలకేసి కొట్టాలనుకున్నాడు. కొట్టలేదు. బండి తీశాడు. అక్క ఒక్క మాట వద్దంటే చాలు, ఖాళీ బండితో తిరిగొచ్చి తాళాలు వాడి మొహాన పారేయాలని దారి పొడుగునా తనలో తనే అరుచుకుంటూ వెళ్ళాడు.

అక్క గట్టు మీద నిలబడి ఉంది. బోరు దగ్గరి మనిషి అప్పుడే పైపు ట్యాంకర్‌లోకి దించుతున్నాడు.

"నా నోరే నీ కొంప ముంచింది అక్కా! వద్దని ఒక్క మాట అను. ఇప్పుడే బండి తిప్పేస్తా."

"నువ్వు తిప్పితే వాళ్ళు ఆగుతారంట్రా? నాలుగు రోజులు బోరు ఆడించి చూశారు. మన బావిలో అడుగు మెట్లు బయటపడ్డాయి."

"నన్ను తిట్టు అక్కా. రెండు తగిలించు!"

"తిడితే నీళ్ళొస్తాయా?" అక్క ఎండుతున్న చేను వంక చూసింది. "మీ గది పక్కన ఇంకో గదేమన్నా ఖాళీ ఉందేమో చూడరా. మీ బావకు నేను నచ్చజెబుతాను."

వెనక మోటారు వేశారు. ట్యాంకర్‌లో నీళ్ళు దబదబా పడసాగాయి. తోటయ్యకు దుఃఖం కాదు, కోపం వచ్చింది. యజమాని మీద, బాల్కనీ మీద, తన మీద, ఆ చప్పుడు మీద. ఎవరిని పట్టుకుని కొట్టాలో తెలియలేదు.

"గదులుంటాయి అక్కా" అన్నాడు చివరికి. "మా వీధికి నీళ్ళే రావు."