తిరిగిచ్చేశారనుకోండి

ఏ వస్తువైనా సరే, పోయిందంటే గ్రీకాయన ఒప్పుకునేవాడు కాదు. "పోలేదు, తిరిగిచ్చేశారనుకోండి" అనేవాడు. ఈ మాట ఇంట్లో పడక్కుర్చీలో కూర్చుని అన్నా, బస్టాపులో పక్కవాళ్లతో అన్నా లోకానికి వచ్చే నష్టమేమీ లేదు. కానీ ఆయన ఉద్యోగమేమిటనుకున్నారు? బస్సుల్లో జనం మర్చిపోయిన వస్తువుల్ని దాచి, సొంతదారు వస్తే అప్పగించే గదికి గుమాస్తా. సగం తడిసి, సగం ఏడ్చి, రొప్పుకుంటూ పరుగెత్తుకొచ్చిన మనిషికి ఆ కిటికీలోంచి మొట్టమొదట వినపడే మాట అదీ.

"గొడుగు పోయిందండీ. నల్లది, పిడి విరిగింది."

"పోలేదు. తిరిగిచ్చేశారనుకోండి."

"ఎవరికి?"

"మీకెవరిచ్చారో వాళ్లకి."

"ఇచ్చింది మా బావమరిదండీ. వాడికి తిరిగిచ్చానంటే నా ప్రాణం ఒప్పుకోదు."

"చూశారా, మీ బాధ గొడుగు గురించి కాదు, బావమరిది గురించి" అని గ్రీకాయన సంబరపడేవాడు. మనిషి దగ్గరున్నదంతా నాలుగు రోజులకు అరువు తెచ్చుకున్నదేననీ, అడిగినప్పుడు మొహం మాడ్చుకోకుండా ఇచ్చేయాలనీ ఓ పది నిమిషాలు చెప్పి, అప్పుడు లేచి, అరలోంచి గొడుగు తీసి ఇచ్చేవాడు. ఆ పది నిమిషాలూ గొడుగు ఎదురుగా కనపడుతూనే ఉండేది. జనానికి ఒళ్లు మండేది అక్కడే.

గది బయట 'పోయిన వస్తువులు' అని బోర్డు ఉండేది. గ్రీకాయన 'పోయిన' మీద తెల్లకాగితం అంటించి 'తిరిగి ఇచ్చిన' అని రాసేవాడు. అందరూ పెద్దసారు అని పిలిచే డిపో మేనేజరు వారానికోసారి వచ్చి ఆ కాగితం చింపేవాడు. మర్నాటికి మళ్లీ కాగితం ఉండేది. దీని గురించి వాళ్లిద్దరూ ఏనాడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు.

టికెట్ల కౌంటర్లో పద్నాలుగేళ్లు నిలబడి మోకాళ్లు అరగదీసుకుని, కూర్చునే పని కావాలని పోట్లాడి ఈ గదికి బదిలీ చేయించుకున్న ఆవిడను ఆయన మొదటిరోజే "చెల్లెమ్మా" అన్నాడు. ఆ రోజు నుంచి డిపో అంతటికీ ఆవిడ చెల్లెమ్మే. పాపం, ఆవిడ వచ్చి చేరింది ఒక బుధవారం నాడు.

"కూర్చోకు చెల్లెమ్మా, ఈరోజు బుధవారం."

"బుధవారమైతే ఏమిటండీ?"

"కష్టాల సాధన. కుర్చీ లేదు, ఫ్యాను లేదు, టీలో పంచదార లేదు. రేపెప్పుడైనా ఇవి నిజంగానే లేకపోతే మనం బెదిరిపోకూడదు కదా."

"అన్నయ్యగారూ, నేను పద్నాలుగేళ్లు సాధన చేసే వచ్చాను" అని చెల్లెమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫ్యాను కూడా వేసింది. గ్రీకాయన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, గాలి తనకు తగలకుండా బకెట్టును మూలకు జరుపుకున్నాడు.

ఈ పిచ్చి ఆయనకు ఎలా పట్టిందంటే, దానికీ ఓ వస్తువే కారణం. ఎన్నో ఏళ్ల కిందట ఎవరో బస్సులో ఒక పుస్తకం మర్చిపోయారు. అట్ట లేదు, మొదటి పది పేజీలు లేవు. రెండు వేల ఏళ్ల కిందట గ్రీసులోనూ రోములోనూ స్టోయిక్కులని ఒకరకం మనుషులుండేవారట. మన చేతిలో ఉన్నదేమిటి, లేనిదేమిటి అని తేల్చుకుని, లేనిదాని గురించి ఏడవడం మానేస్తే మనిషిని ఎవడూ భయపెట్టలేడని వాళ్ల సిద్ధాంతం. ఆయన ఆ పుస్తకాన్ని చదివి చదివి కంఠస్థం చేశాడు, గ్రీకాయన అన్న పేరూ అలాగే వచ్చింది. కానీ ఒక్కనాడూ ఇంటికి పట్టుకెళ్లలేదు. చీటీ కట్టి అరలోనే ఉంచి, అక్కడే నిలబడి చదివేవాడు. అది తనది కాదు కదా మరి.

చెల్లెమ్మ చేరిన మొదటి నెలలోనే గ్రీకాయన భార్య ఆవిడకు ఫోను చేసింది. "అమ్మా, మీ అన్నయ్య అక్కడ కూడా ఇంతేనా? పొద్దున్నే లేచి ఇవాళ బాయిలరు పేలుతుంది, నువ్వు నన్ను వదిలేసి వెళ్లిపోతావు, రెండూ ముందే ఊహించేసుకున్నాను, ఇక బాధ లేదు అంటున్నాడు."

"మీరేమన్నారు వదినా?"

"బాయిలరు సంగతి నాకు తెలీదు, రెండోది మాత్రం ఆలోచిస్తున్నాను అన్నాను."

ఇవన్నీ ఒక ఎత్తు, బూటు సంగతి ఒక ఎత్తు. తొమ్మిదో నంబరు బస్సులో దొరికిన బూటది. నల్లతోలుది, తాళ్లు కట్టుకునేది, ఎడమ కాలిది ఒక్కటే. అడుగున రెండంగుళాల మందం. నెల దాటినా ఎవరూ రాలేదు. ఒక బుధవారం నాడు చూస్తే గ్రీకాయన కుడికాలికి తన చెప్పు, ఎడమకాలికి ఆ బూటు తొడుక్కుని, మడమ సగం బయట వేలాడుతుంటే గదిలో అటూ ఇటూ ఊగుతూ నడుస్తున్నాడు. డ్రైవర్లంతా కిటికీ దగ్గర గుంపుకట్టి నవ్వారు. "కష్టాల సాధనా మాస్టారూ?" అంటే "అవును" అన్నాడు. ఆ తర్వాత్నుంచి ఆయన వీధిలో తల దించుకుని నడవడం మొదలుపెట్టాడు. గ్రీకువాళ్ల వినయం కాబోలనుకున్నారు. చెల్లెమ్మ మాత్రం, పుస్తకం మనిషిని పూర్తిగా తినేసిందనుకుంది.

అలా ఉండగా ఒక సోమవారం పెద్దసారు కాగితం పట్టుకుని వచ్చాడు. ఆయనకు డాక్టరు నడవమని చెప్పాడు. బయట నడిస్తే జనం ఫిర్యాదులు చెప్తారని నడిచే మిషను తెప్పించుకున్నాడు. దానికో గది కావాలి. కాగితంలో ఉన్నది ఇదీ: మూడు నెలలు దాటిన వస్తువులు గదిలో ఎన్నున్నా సరే, శుక్రవారం సాయంత్రం అయిదు గంటలకు లారీ వస్తుంది, తుక్కు చేసేయాలి.

"ఇందులో బాధపడేదేముంది? మన చేతిలో లేనిది పోనీ అని రోజూ చెప్పేది నువ్వేగా" అని నవ్వాడు పెద్దసారు.

గ్రీకాయన బకెట్టు మీంచి లేచాడు. "గది నా చేతిలో లేదు సార్. ఆర్డరు మీ చేతిలో ఉంది. ఒప్పుకోవడం మాత్రం నా చేతిలో ఉంది. ఒప్పుకోను."

"ఈ చెత్తకా? ఇదిగో, ఒంటి బూటు. దీనికోసం ఎవడొస్తాడు?"

"ఒంటి బూటు కాబట్టే సార్. రెండూ పోయినవాడు వేరే జత వేసుకుంటాడు. ఆ మందం చూడండి, పొట్టికాలికి చేయించుకున్నది. ఇది పోయిన మనిషి ఎక్కడో కుంటుతున్నాడు. వేసుకుని చూశాను. మడమ అరగలేదు, వేళ్ల దగ్గర అరిగింది. అంటే ఈ మనిషి పరుగెత్తే మనిషి. మూడు నెలలుగా వీధిలో ప్రతి కాలూ చూస్తున్నాను. ఇంకా కనపడలేదు."

చెల్లెమ్మ చేతిలో ఉన్న చీటీల కట్ట బల్లమీద పెట్టేసింది. వినయమనుకున్నది వినయం కాదు, సాధన అనుకున్నది సాధనా కాదు. ఈ పిచ్చిమనిషి మూడు నెలలుగా జనం కాళ్లు వెతుకుతున్నాడు. ఆవిడకు తన మీద తనకే సిగ్గేసింది.

"సస్పెండ్ చేస్తాను" అన్నాడు పెద్దసారు.

"చేయండి సార్. పొద్దున్నే ఊహించుకున్నాను. మీరే కాస్త ఆలస్యంగా వచ్చారు."

పెద్దసారు విసురుగా వెళ్తూ వెళ్తూ బోర్డు మీది కాగితం చింపాడు. ఆయన వెళ్లాక చెల్లెమ్మ ఆ ఆర్డరును మూడుసార్లు చదివింది. "అన్నయ్యగారూ, ఇందులో 'గదిలో ఎన్నున్నా' అని ఉంది. గదిలో లేకపోతే?"

"ఎక్కడుంటాయి?"

"ఎక్కడ పోయాయో అక్కడే. సొంతదారుని వెతకడానికి వస్తువును బయటికి పంపొచ్చని మన రూల్సులోనే ఉంది. పద్నాలుగేళ్ల సర్వీసు నాది, రూల్సు నాకు తెలుసు."

గ్రీకాయన అరలో ఉన్న పుస్తకం వైపు చూశాడు. "చెల్లెమ్మా, ఇది పుస్తకంలో లేదు" అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం డ్యూటీలు మారే వేళకు ఇద్దరూ డిపో గేటు దగ్గర నిలబడ్డారు. వచ్చిన ప్రతి డ్రైవరుకూ, కండక్టరుకూ ఒక వస్తువు. "మీతో తిప్పండి. ఎవరైనా నాదంటే మా గదికి పంపండి." మామూలుగా అయితే వాళ్లు నవ్వి పోయేవాళ్లే. కానీ పెద్దసారు వాళ్ల విశ్రాంతి గదిని ఇంతకుముందే తన కారుకు షెడ్డు చేసుకున్నాడు. ఆ కడుపుమంట అందరికీ ఉంది. దాంతో బట్టతల డ్రైవరు ఆడవాళ్ల పూలటోపీ పెట్టుకుని బస్సు తీశాడు. మీసాల కండక్టరు మెడలో మూడు కళ్లజోళ్లు వేలాడాయి. ఒక డ్రైవరు పక్కసీట్లో గుడ్డ ఎలుగుబంటి బెల్టు పెట్టుకుని కూర్చుంది. నూట అరవై మూడు వస్తువులు గేటు దాటాయి. పుస్తకాన్ని కూడా గ్రీకాయన అన్నిటికంటే ఎక్కువ జనం ఎక్కే బస్సు కండక్టరు చేతిలో పెట్టాడు. ఇచ్చేటప్పుడు చేయి వెంటనే వదల్లేదు.

సాయంత్రం అయిదింటికి లారీ వచ్చింది. గదిలో ఒక బకెట్టు ఉంది. అది తన సొంతమని గ్రీకాయన చెప్పడంతో లారీ ఖాళీగా వెళ్లిపోయింది. పెద్దసారు ఆ అరలన్నీ ఒకటికి రెండుసార్లు తిరిగి చూసి, బయటికెళ్లి బోర్డు మీది కాగితం మళ్లీ చింపాడు.

మిగిలింది బూటు. అది ఆయన ఎవరికీ ఇవ్వలేదు, తనే తొడుక్కున్నాడు. శనివారం పొద్దున ఇద్దరూ తొమ్మిదో నంబరు ఎక్కారు. ఆయన ఎడమకాలు నడవలోకి చాపి, పెళ్లికొడుకులా కూర్చున్నాడు. నాలుగు ట్రిప్పులు తిరిగారు. అయిదో ట్రిప్పులో, బడి దగ్గర, మెడలో ఈల వేలాడదీసుకుని ఒకావిడ ఎక్కింది. ఎడమ చెప్పు కింద చెక్కముక్క పెట్టి మేకులు కొట్టించుకుంది. మెట్టు మెట్టుకీ టకటకమంటోంది.

ఆవిడ చాపిన కాలు చూసి ఆగిపోయింది. "ఆ బూటు ఎక్కడిది?"

గ్రీకాయన సీట్లోంచి సగం లేచాడు. "మీ... మీదేనా అమ్మా?"

"నాదే. నాలుక వెనక నీలం దారంతో కుట్టించాను, చూడండి. ఎవరు తొడుక్కోమన్నారు మిమ్మల్ని? విప్పండి."

నీలం దారం ఉంది. ఆయన సంతోషం పట్టలేక, నోటికి అలవాటైన మాట అనేశాడు. "మీరు పోయిందనుకున్నారు కదా. పోలేదమ్మా, తిరిగిచ్చే..."

ఈల మోగింది. డ్రైవరు ఉలిక్కిపడి బస్సు ఆపేశాడు.

"ఆ మాట అనేది మీరేనా?" అంది ఆవిడ. "నేను ఎవరికీ తిరిగివ్వలేదు, ఇవ్వను కూడా. కొలతలిచ్చి మూడు నెలలు తిరిగి చేయించుకున్నాను. దేవుడు పొట్టికాలు ఇచ్చాడు. వద్దని దాన్నే తిరిగివ్వలేదు, దాంతోనే వందమంది పిల్లలకు పరుగు నేర్పుతున్నాను. బూటు ఎందుకు తిరిగిస్తాను?"

"మరి మా గదికి రావచ్చు కదమ్మా" అంది చెల్లెమ్మ.

"ఎలా వస్తాను? అక్కడొకాయన ఉన్నాడు, పోయిందని వెళ్తే తిరిగిచ్చేశావు పొమ్మంటాడని మా టీచర్లంతా చెప్పారు. బూటూ పోయి, పైగా నీతులు కూడా వినాలా అని రాలేదు."

పొద్దున్నే అన్ని కష్టాలూ ఊహించుకునే గ్రీకాయన, ఇది మాత్రం ఊహించలేదు. నడవలో కింద కూర్చుని, తాళ్లు విప్పి, తన చొక్కా అంచుతో బూటు తుడిచి ఆవిడ ముందు పెట్టాడు. "తప్పు నాదమ్మా. మీరు రాకపోవడం నా చేతిలోనే ఉంది. వస్తువు దొరికేదాకా మనిషి కుంగిపోకూడదని చెప్పేవాణ్ని. నాకు దొరకకపోతే వాళ్లేమైపోతారోనని భయం. అంతే."

ఆవిడ బూటు తొడుక్కుని, బస్సు కదిలాక, ఏ కడ్డీ పట్టుకోకుండా ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి చూసుకుంది. తిరిగొచ్చి ఆయన పక్కసీట్లో కూర్చుంది. "ఇంతకీ మీరెలా ఇంటికెళ్తారు, ఒక కాలికి చెప్పు లేకుండా?" అని అడిగింది.

"సాధనమ్మా" అన్నాడు గ్రీకాయన.

"ఈరోజు శనివారం అన్నయ్యగారూ" అంది చెల్లెమ్మ. మొత్తం బస్సు నవ్వింది, ఈలావిడ కూడా.

ఆ తర్వాతి వారం గది ముందు జనమే జనం. పూలటోపీ నాదని ఒకావిడ, ఎలుగుబంటి మాదని ఒక కుటుంబం. పెద్దసారు మిషను గదిలోకి రానే వచ్చింది గానీ, దాని మీద నడుద్దామంటే చుట్టూ వరుసలో నిలబడ్డ జనం ఆయనకు ఫిర్యాదులు చెప్పడం మొదలుపెట్టారు. రెండు రోజులు చూసి ఆయన రావడం మానేశాడు. చెల్లెమ్మ మిషనుకు చీటీ కట్టింది. మూడు నెలలు ఇంకా నిండలేదు. సస్పెన్షన్ కాగితం మాత్రం టైపు అయిందనీ, సొరుగులో ఉందనీ అంటారు. ఇప్పుడు గ్రీకాయన ముందు వస్తువు చేతికిచ్చి, ఆ తర్వాత మొదలుపెడుతున్నాడు. కొందరు వింటున్నారు కూడా. బోర్డు మీద కాగితం మాత్రం మానలేదు.

పుస్తకం ఇప్పటికీ బస్సుల్లోనే తిరుగుతోంది. రోజూ సాయంత్రం కండక్టరు తెచ్చి ఇచ్చేదాకా గ్రీకాయన గుమ్మంలోనే నిలబడతాడు. ఒక బుధవారం చెల్లెమ్మ ఉండబట్టలేక అడిగేసింది.

"నిజంగా సొంతదారు వస్తే ఏం చేస్తారన్నయ్యగారూ?"

"ఇచ్చేస్తాను. ఇవ్వడం నా చేతిలో ఉంది."

"ఏడవరా?"

"అది నా చేతిలో లేదు చెల్లెమ్మా" అన్నాడు.

చెల్లెమ్మ బుధవారమని చూడకుండా ఆయన టీలో రెండు చెంచాల పంచదార వేసి ఇచ్చింది. గ్రీకాయన గేటు వైపే చూస్తూ మొత్తం తాగేశాడు.