పరుపుల జానీమియా ఒక్కపొద్దులు

2024 ఆగస్టు 6వ తేదీ, మంగళవారం, ఉదయం పదిన్నర గంటలు. తెల్లవారుజామున పట్టిన ముసురు ఇంకా విడవలేదు. కురవిలో ఒక సందు చివర, రేకుల పంచ చూరునుండి నీరు ధార కడుతున్న వేళ, నర్సు రజని గొడుగు ముడిచి లోపల అడుగుపెట్టింది. ఇంటింటికీ తిరిగి ముసలివారి బీపీ, షుగరు చూడడం ఆమె ఉద్యోగం. ఆ వీధికి రావడం ఆమెకు అదే మొదలు.

ఆమెను చూడగానే డెబ్బదిరెండేండ్ల జానీమియా లుంగీ సవరించుకుని గోడవైపు జరిగాడు. అతని భయం, రోజూ మాత్రలు మింగుతున్న షుగరు గురించి కాదు.

జానీమియా దూదేకులవాడు. మీసాలు రాకముందే తండ్రి వెంట విల్లు భుజాన వేసుకుని, మొగుళ్లపల్లి మొదలు గంగారం దాకా దూది ఏకినవాడు. ఆ పల్లెల్లో పెండ్లి పరుపంటే జానీమియా కుట్టిన పరుపే. భార్య గతించింది. కొడుకు భూపాలపల్లిలో బొగ్గు లారీ నడుపుతాడు. ఇంట కోడలు షహనాజ్, ఆమె కొడుకు. ప్రతి శుక్రవారం మసీదులో చాపలు పరచడం, పరచిన చాపపై ముందు వరుసలో నిలవడం అతనికి ఏండ్ల అలవాటు.

వేసవి చివర ఒక శుక్రవారం, నమాజులో నడుము వంచిన క్షణాన, తెలియకుండానే నీళ్ల విరేచనమై బట్ట తడిసింది. నడుము పట్టిందని చెప్పి వెలుపలికి వచ్చాడు. ఆ తరువాత అది చెప్పాపెట్టకుండా వచ్చే చుట్టమైపోయింది. ఎవరికోసమో అన్నట్లుగా దుకాణంలో విరేచనాలు కట్టే మాత్రలు కొన్నాడు. అవీ పనిచేయలేదు. లోపలికి పోనిది బయటికెట్లా వస్తుందని తర్కించి, పగలు తిండి మానాడు, నీళ్లు మానాడు. మసీదుకు పోవడమూ మానాడు. కోడలు అడిగితే, “ఒక్కపొద్దున్న బిడ్డా. ఇంట్లనే నమాజు జేసుకుంట” అన్నాడు.

ఆ ఒక్క మాట వీధంతా పాకింది. జానీమియాకు దైవచింత కలిగిందన్నారు. తండానుండి తుల్సీబాయి ఏడ్చే మనుమణ్ణి చంకనేసుకుని వచ్చి, “తాతా, జర ఊదు. ఒక్కపొద్దుల మనిషివి, నీ నోటిగాలి తగిల్తె సాలు” అంది. కాదనలేక ఊదాడు. పిల్లవాడు ఏడుపు ఆపాడు. ఇక అడగాలా! గడపలో పసిపిల్లల బారు మొదలైంది. తల్లులు చేతులు జోడించిన ప్రతిసారీ జానీమియా లుంగీ సవరించుకుని, సిగ్గుతో నేలలోకి క్రుంగిపోయేవాడు.

రజని వేలు గుచ్చి మీటరు చూసి కనుబొమలు ముడిచింది. “షుగరు బాగ పడిపోయింది. పొద్దుగాల ఏమన్న తిన్నవా తాతా?”

షహనాజ్ గర్వంగా బదులిచ్చింది. “మా మామ ఒక్కపొద్దు సిస్టరమ్మా. వానలు పడకముందు సంది గిట్లనే. ఊరంత మొక్కుతున్నరు.”

“షుగరు గోలీలు ఏసుకుంట ఒక్కపొద్దా? ముందుగాల గీ చక్కెర నీళ్లు తాగు తాతా. పానం పోతే పుణ్యమెవలికి? అక్కా, నువ్వు జర జావ కాయి.”

షహనాజ్ వంటింట్లోకి వెళ్లింది. రజని చూపు చుట్టూ తిరిగింది. మంచంమీద పరుపు చుట్టి తాడుతో కట్టి ఉంది. ముసలాయన నేలమీద, పరచిన యూరియా సంచిపై కూర్చున్నాడు.

“ఊరందరికి పరుపులు కుట్టి, నువ్వు సంచి మీద పండుడేంది?” అని, గొంతు తగ్గించి అడిగింది. “తాతా, తెలువకుంట బట్టలల్ల పోతున్నదా?”

జానీమియా వాన వైపు చూశాడు.

“నేను గిది అడిగితె శానమంది ముసలోళ్లు నీ లెక్కనే వాన దిక్కు జూస్తరు. వాన లేకుంటె గోడ దిక్కు.”

ఆయనకు నవ్వు వచ్చింది. నవ్వుతూనే కన్నీరు తుడుచుకుని అంతా చెప్పాడు. రజని అడిగి పొట్ట నొక్కి చూసింది. ఎడమవైపు రాయిలా ఉంది.

“గిది విరేచనం కాదు తాతా. మలబద్ధకం.”

“నీళ్ల లెక్క కారుతుంటె బద్ధకమంటవేంది?”

“తూముల గడ్డి అడ్డం పడితె నీళ్లు పక్కలకెల్లి కారుతయి గద? గట్టిపడ్డది లోపల్నే ఉన్నది. నువ్వేసుకున్న విరేచనాల గోలీలు, నీళ్లు తాగకపోవుడు దాన్ని ఇంక బిగవట్టినయి. దవాఖానల జూపిస్తె తగ్గుతది. కోడలికి చెప్పు.”

“సచ్చినా చెప్ప. పిల్లగాండ్లకు ఊదే నోటితోని గీ ముచ్చట ఎట్ల చెప్పాలె?”

“నేనైతె చెప్ప. అది నీ ముచ్చట.”

జావ గిన్నెతో షహనాజ్ వచ్చింది. జానీమియా గిన్నె అందుకోలేదు. తల ఎత్తకుండానే, “బిడ్డా, నేను ఒక్కపొద్దు ఉంటలేను” అని మొదలుపెట్టి, రెండు ముక్కల్లో ముగించాడు.

షహనాజ్ గిన్నె ఆయన ముందు పెట్టింది. “గందుకా, నీ బట్టలు నువ్వే పిండుకుంటున్నవు! గది సుత పుణ్యమే అనుకున్న,” అని ఎదురుగా కూర్చుంది. “నాకు జరమొచ్చి పండుకున్ననాడు నా కొడుకును కడిగిందెవలు మామా? నువ్వు గాదా? తాగు, సల్లారుతది.”

మహబూబాబాద్ దవాఖానలో డాక్టరు పరీక్షించి, వేరే జబ్బు లేదని నిశ్చయించుకుని, ఎనిమా ఇప్పించి, సిరప్పు రాశాడు. ఉదయం చాయ్ తాగిన కొంతసేపటికి, వచ్చినా రాకున్నా, పాదాలకింద పీట వేసుకుని కమోడు కుర్చీపై కూర్చోవాలన్నది రజని నియమం. ఆకుకూర, నీళ్లు తప్పనిసరి. ఇక మిగిలింది మసీదు. ఎప్పుడు బట్ట తడుస్తుందో తెలియనివాడు నమాజుకు రావచ్చా అని జానీమియా ఇమామును చాటుకు పిలిచి అడిగాడు. “మా నాయినకు సుత గిట్లనే ఉండె. ప్రతి నమాజు వేళకు మల్ల కాళ్లు చేతులు కడుక్కొని వుజూ జేసుకో, నిలబడు. నీ చేతనైనంతే అల్లా అడుగుతడు,” అన్నాడాయన. మొదటి శుక్రవారం జానీమియా తలుపు దగ్గరి చివరి వరుసలో నిలిచాడు.

తుల్సీబాయి మళ్లీ వచ్చింది. “ఒక్కపొద్దులు బందువెట్టిన. పోరన్ని దవాఖానల చూపియ్,” అన్నాడు. “దవాఖాన దవాఖాననే. నువ్వు తినుకుంటనన్న ఊదు తాతా,” అని ఆమె కదలలేదు. పప్పన్నం ముద్ద మింగి ఊదాడు.

జానీమియా ఇప్పటికీ కురవిలోనే ఉన్నాడు. అప్పుడప్పుడు తడి తగులుతుంది. అందుకని పాత నూలుబట్ట మడతల్లో దూది పరచి, ఉతికి వాడుకొనే మెత్తలు తానే కుట్టుకుంటాడు. గంగారం వైపు మంచాన పడ్డవారికి రజని అలాంటివే తీసుకుపోతుంది. షహనాజ్ అంచులు కుడుతుంది. యూరియా సంచి పొయ్యికట్టెలపై కప్పేందుకు పోయింది. జానీమియా పరుపుపైనే పడుకుంటున్నాడు. శుక్రవారం చాపలు పరచి, ముందు వరుసలో నిలుస్తున్నాడు.