ప్రశ్నలోని మనిషిని నమ్మడం

టైపిస్టమ్మ ఎవరినీ ఊరికే నమ్మే మనిషి కాదు. ఇరవై రెండేళ్ళుగా కోర్టు హాల్లో జడ్జిగారి ముందు కూర్చుని, సాక్షులు చెప్పింది చెప్పినట్టు టైపు కొడుతోంది మరి. అంతా నిజమే చెబుతామని ప్రమాణం చేసిన నోటితోనే పొద్దున ఒకలా, భోజనాల వేళయ్యాక మరొకలా మాట్లాడేవాళ్ళను ఎంతమందిని చూసిందో లెక్కలేదు. ఆ జబ్బు ఇంటికీ అంటుకుంది. కూతురు ఫోనులో "బాగానే ఉన్నానమ్మా" అంటే, ఆ మాట వెనక ఏం దాస్తోందా అని రెండు రోజులు ఆలోచిస్తుంది. అనుమానం పెనుభూతం అంటారు. ఈవిడ ఆ భూతానికి పీట వేసి కూర్చోబెట్టింది.

నలభై అయిదో ఏట సాయంత్రం లా కాలేజీలో చేరింది. లాయర్ల అబద్ధాలు టైపు కొట్టీ కొట్టీ, వాటిని తనే ఇంకాస్త పద్ధతిగా చెప్పగలననిపించిందట. అన్ని పేపర్లూ గట్టెక్కాయి కానీ ఒప్పందాల చట్టం దగ్గర బండి ఆగింది. రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే కాలేజీ రిజిస్టరులో పేరు కొట్టేస్తారు. మూడేళ్ళ కష్టం బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

తమాషా ఏమిటంటే, అది పుస్తకం చూసి రాసుకోవచ్చనే పరీక్ష. అక్కడే ఆమెకు గుబులు. "చూసి రాయమంటున్నారంటే ఇందులో ఏదో తిరకాసుందండీ. ఊరికే ఎవరిస్తారు?" అంది మొగుడితో. ఆయన వాచీలు బాగుచేస్తాడు. ఎవరేం చెప్పినా తలూపే రకం. "ఇచ్చారుగా, చూసి రాయి" అన్నాడు.

పుస్తకానికి అరవై మూడు రంగు చీటీలు అంటించింది. ఏ సంగతి ఏ పేజీలో ఉందో రెండు కాగితాల మీద పట్టిక రాసుకుంది. క్లాసులో పక్కన కూర్చునే నర్సు ఆ పట్టిక ఒక్కసారి ఇమ్మని అడిగింది. "ఎవరిది వాళ్ళు రాసుకుంటేనే బుర్రకెక్కుతుంది తల్లీ" అని తీయగా తప్పించుకుని, ఆ వారమంతా సంచీ ఒళ్ళోంచి దించలేదు.

పరీక్షకు పది రోజుల ముందు లెక్చరరమ్మ ఆమెను పిలిచి, పోయినసారి తప్పిన ఆమె జవాబు పేపరు ముందు పెట్టింది. ఒకాయన బేరానికి ఒప్పుకుంటూ పదో తేదీన ఉత్తరం పోస్టులో వేశాడు, ఒప్పందం కుదిరినట్టా కాదా అన్నది ప్రశ్న. టైపిస్టమ్మ దానికి నాలుగు పేజీలు రాసి ఉంది. పదో తేదీనే వేశాడనడానికి రసీదేదీ? చూసినవాళ్ళెవరు? పోస్టుమాస్టరును విచారించారా? చట్టం గురించి ఒక్క ముక్క లేదు.

"ప్రశ్నలో చెప్పింది నిజమేనని ఒప్పుకోవాలమ్మా. ఆ తర్వాత చట్టం ఏమంటుందో రాయాలి" అంది లెక్చరరమ్మ.

"ఎవరి మాట మీద ఒప్పుకోమంటారు మేడమ్?"

"నా మాట మీద. ప్రశ్న రాసింది నేనే కదా!"

టైపిస్టమ్మ ఆమెను ఎగాదిగా చూసింది.

పరీక్ష రోజు మొదటి మూడు ప్రశ్నలూ పళ్ళు బిగించి నమ్మింది. నాలుగో దాని దగ్గర కలం ఆగిపోయింది. ఒకావిడ ఇంజను బాగుందని చెప్పి పాత కారు అమ్మింది. ఇంజనులో చీలిక ఉంది. ఆ సంగతి ఆమెకు తెలియదు.

తెలియదా! రోజూ నడిపిన కారు సంగతి తెలియదట, ఎవరి చెవిలో పువ్వులు పెడతారు? చెయ్యి దానంతటదే మోసం గురించి చెప్పే ఎర్ర చీటీ మీదికి వెళ్ళింది. ఆ పేజీ నిండా ఆమె గీతలే, అంచుల్లో ఆమె రాతలే. దాని పక్కనే ఆకుపచ్చ చీటీ, తెలియక చెప్పిన అబద్ధం గురించి. ఆ పేజీలో ఒక్క గీతా లేదు. చీటీ అయితే అంటించింది కానీ, అలాంటి మనిషి లోకంలో ఉంటుందనుకోలేదు.

ఇన్విజిలేటరు ఇంకా ఇరవై నిమిషాలే ఉందన్నాడు. ఆమె ఆకుపచ్చ పేజీని మొదటిసారి నిదానంగా చదివింది. అమ్మినావిడకు తెలియదు కాబట్టి ఇది మోసం కాదు, అయినా కొన్నవాడు కారు తిరిగి ఇచ్చేయవచ్చు అని రాసింది. రాస్తున్నంతసేపూ ఎవరో తనని బుట్టలో వేస్తున్నట్టే ఉంది.

ఫలితాలు వచ్చిన రోజు బోర్డు మీద తన నెంబరు నాలుగుసార్లు చూసుకుంది. ఆఫీసులో అడిగి మార్కుల కాగితం తీసుకుంది. దాని మీద ముద్ర అసలుదేనా అని వెలుతురుకు ఎత్తి చూసింది. తిన్నగా మొగుడి షాపుకు నడిచింది.

"పాసయ్యానండీ!"

ఆయన కంటికి బిగించుకున్న అద్దం కూడా తీయలేదు. "నిజంగా? ఏదీ, కాగితం చూపించు" అన్నాడు.

ఆమెకు చెంప ఛెళ్ళుమన్నట్టయింది. "ఏం, నా మాట చాలదా?"

"అది కాదే, పొరపాటున వేరే నెంబరు చూశావేమోనని..."

ఇన్నేళ్ళూ తను అడిగిన ప్రతి "నిజంగా?" ఎదుటివాళ్ళకు ఎక్కడ తగిలేదో ఆమెకు ఇప్పుడు తెలిసింది. మహా నొప్పిగా ఉంది. కాగితం సంచీలోనే ఉంది, తీయడం చిటికెలో పని.

"చూపించను. మీరు నమ్మాల్సిందే" అంది.

ఆయన అద్దం తీసి ఆమె వంక చూశాడు. "సరే, నమ్మాను" అన్నాడు.

నిజంగా నమ్మాడో, తనను ఊరుకోబెట్టడానికి అన్నాడో ఆమెకు అంతుపట్టలేదు. అడుగుదామని నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.